రోమియో జూలియటు నాటకమునఁ గర్తృత్వవిచారము

ఆంగ్లకవి షేక్స్పియరు రచించిన రోమియో జూలియటు నాటకమున నాయికానాయకుల మరణమునకు దైవము కారణమా, మానవకృత్యము కారణమా యను ప్రశ్న యెంతయో కాలమునుండి యడుగఁబడుచున్నది. పాఠశాలలలో విద్యార్థులకు నిది పరీక్షాప్రశ్నగాఁ గూడ నీయఁబడుచుండును. దైవవాదులు నాటకముఖమందలి ప్రస్తావనను జూపుదురు. ఈ ప్రణయులు ప్రతికూలనక్షత్రములయందు జనించిరని కవియే చెప్పియుండఁగా వేఱు విచార మేల యని వారి యభిప్రాయము. పురుషకారవాదులు ప్రణయుల తొందరపాటును జూపుదురు. చూచిన మఱునాఁడే పెండ్లాడుట, పెద్దల కెఱిఁగింపకుండుట, నిజము విచారింపక విషము త్రావుట, ఇవి యన్నియు వారు కోరి చేసినవే కదా యని వీరి వాదము. ఈ రెండు పక్షములును నొక విషయమున మాత్ర మేకీభవించుచున్నవి. నేరము దైవముదైనఁ గావలెను, లేదా ప్రణయులదైనఁ గావలెను. మూఁడవవారి ప్రసక్తి యుభయపక్షములకును లేదు. నాటకమున మాత్రము మూఁడవవా రడుగడుగునఁ గానవచ్చుచున్నారు.

కథ చదువరులకు స్థూలముగాఁ దెలిసినదే. ఇటలీ దేశమందలి వెరోనా నగరమున మాంటేగు, కాప్యులెట్టు అను రెండు గొప్ప కుటుంబములకుఁ దాతలనాఁటినుండి వైరము. ఆ వైరమునకు మూల మేమో నాటకమున నెచ్చటను జెప్పఁబడలేదు. మాంటేగు కుమారుఁడు రోమియో, కాప్యులెట్టు కూఁతురు జూలియటు. ఆదివారము రాత్రి విందులో నొండొరులఁ జూచిరి. సోమవారము లారెన్సు అను సన్న్యాసి వారికి రహస్యముగా వివాహము చేసెను. నాఁటి మధ్యాహ్నమే జూలియటు మేనమామ కొడుకగు టిబాల్టును జంపి రోమియో దేశబహిష్కృతుఁడయ్యెను. మంగళవారము వేకువను మాంటువా పట్టణమునకుఁ బోయెను. ఆ రాత్రియే జూలియటు రెండవ పెండ్లిని దప్పించుకొనుటకై సన్న్యాసి యిచ్చిన నిద్రౌషధమును ద్రావెను. గురువారము తెల్లవాఱకమున్నే యిరువురును సమాధిగృహమున మృతులైరి. (ఔషధము 42 గంటలు పనిచేయునని కవి చెప్పిన లెక్కను గట్టిగాఁ బట్టుకొన్నచో నింకను దడవు కావలెను. కవి గడియారమును లక్ష్యపెట్టినట్లు లేదు.)

మొదట దైవవాదుల ముఖ్యసాక్ష్యమును బరీక్షింపవలెను. ఆ ప్రస్తావన 1597వ సంవత్సరపు ముద్రణమునను, 1599వ సంవత్సరపు ముద్రణమునను గలదు. కవి మరణానంతరము 1623లో నతని నాటకములఁ జేర్చి ప్రకటించిన గొప్ప సంపుటమున లేదు. ఇంతమాత్రముచే నది కవికృతము గాదనుట సాహసము. కాని యా సంపుటమును మాత్రమే చదివిన వానికి నాటక మెట్లు ప్రారంభమగుచున్నదో చూడుఁడు. నక్షత్రములతోఁ గాదు, వీధిలో నిరుకుటుంబముల సేవకులు కయ్యమునకుఁ గాలు దువ్వుటతోఁ బ్రారంభమగుచున్నది. యజమానుల పగ సేవకులదాఁకఁ బ్రాఁకినది. ముసలి కాప్యులెట్టు కత్తి తెమ్మనుచుఁ బరువెత్తి వచ్చును. ప్రస్తావన తీసివేసినను నాటకము నిలుచుచున్నది. ఈ కయ్యమును దీసివేసిన నిలువదు.

జాతకపొంతనములు చూడక పెండ్లి నిశ్చయింపని యిండ్లలోఁ బెరిగిన చదువరికి నక్షత్రప్రసక్తి వినఁబడఁగానే తక్కిన విచారము ముగిసినట్లు తోఁచుట సహజమే. ఐనను నీ నాటకమున జ్యోతిష్కుఁ డొక్కఁడును లేఁడు. జూలియస్ సీజరు నాటకమున భావిసూచకుఁ డొకఁడు రంగమునకు వచ్చి దినమును బేర్కొని హెచ్చరించును. ఇచ్చట నట్టివాఁ డెవ్వఁడును రాఁడు. నక్షత్రములనుగూర్చి మాటాడువారు ప్రస్తావకుఁడును, బ్రణయులును మాత్రమే. కావున నక్షత్రము లేమి చేసినవను దానికంటె, వాని మాట యెవరు, ఎప్పుడు, దేనికిఁ దెచ్చుచున్నారను నదియే పరీక్షింపఁదగినది.

ఇందుకు వ్యాకరణశాస్త్ర మొకింత తోడ్పడును. క్రియయందు స్వతంత్రుఁడు కర్త యనియు, నా కర్తను బ్రేరేపించువాఁడు హేతువనియు, నట్టివానికిఁ గర్తృసంజ్ఞయుఁ గలదనియుఁ బాణినీయసిద్ధాంతము. కారకములు వక్త వివక్ష ననుసరించు ననియు శాబ్దికు లందురు. కుండ వండుచున్నదనవచ్చును, కత్తి నఱకుచున్నదనవచ్చును. మొదటిదానియం దధికరణమును, రెండవదానియందుఁ గరణమును గర్తలుగాఁ జెప్పఁబడినవి. రెండును సాధువాక్యములే. కాని న్యాయాధికారి కత్తిని జెఱసాలలోఁ బెట్టఁడు. దైవము చంపెనను వాక్యమును నిట్టిదే. అది సాధువగునా కాదా యనుట గాదు ప్రశ్న. వక్త యేల యట్లు వివక్షించెననుట ప్రశ్న.

రోమియో మాటల నీ దృష్టితోఁ జదివినచో నొక క్రమము తోఁచును. విందునకుఁ బోవుటకుముం దతఁడు నక్షత్రములనుండి కీడు శంకించును. మఱుక్షణమే తన నావకుఁ జుక్కాని పట్టినవాఁడే దారి చూపుఁగాక యని లోనికిఁ బోవును. శంక గలిగినపు డాఁగుట యతని చేతిలోఁ గలదు. టిబాల్టును జంపినపిదపఁ దాను విధిచేతిలో వెఱ్ఱివాఁడనైతినని వాపోవును. ఈ మాట చంపుటకుముందు రాలేదు, చంపినతరువాత వచ్చినది. జూలియటు మృతినొందెనను వార్త మాంటువాలో వినఁగానే నక్షత్రముల నెదిరించుచున్నానని పలుకును. ఆ యెదిరించుటయే యతనిని సమాధిగృహమునకుఁ జేర్చును. చేయకమున్ను శంకగాను, జేసినపిదప సాకుగాను, గడపటఁ బంతముగాను దైవ మతని నోట మాఱుచున్నది. అతని చేఁతలుమాత్రము మూఁడు తావులందును నతనివే. కరణమును గర్తగాఁ జెప్పుట దుఃఖితునకు స్వభావము. విమర్శకుఁడును నట్లే చెప్పవలెనను నిర్బంధము లేదు.

ఈ యభిప్రాయమునకుఁ గవియే సాక్ష్యము విడిచిపోయెను. షేక్స్పియరునకు మూలమైన గ్రంథము 1562లో ఆర్థరు బ్రూకు ప్రకటించిన పద్యకావ్యము. అం దదృష్టదేవత ప్రసంగము పలుమాఱు వచ్చును. కథ క్రిస్మసు విందునాఁట మొదలై సెప్టెంబరువఱకు సాగును. దంపతులకు వివాహానంతర మొకటి రెండు మాసముల రహస్యసుఖమును గలదు. టిబాల్టు వధ యందు ముఖ్యభేద మున్నది. బ్రూకు కావ్యమున రోమియసు కలహమును మాన్పఁబోఁగా టిబాల్టు తానై మీఁదఁ బడును. అతఁ డాత్మరక్షణకై కత్తి దూసి చంపును. మెర్క్యూషియో యందు విందులో మెఱసి మాయమగు నొక యతిథి మాత్రమే. షేక్స్పియరు మెర్క్యూషియోను రోమియోకుఁ బ్రాణమిత్రునిఁ జేసి, రోమియో యడ్డుపడిన చేతిక్రిందుగానే యతనికిఁ బోటు తగులునట్లు చేసి, పిమ్మట టిబాల్టు మరలిరాఁగా రోమియో యోర్పును దాను విడిచి పగ తీర్చుకొన్నట్లు చిత్రించెను. అనఁగా మూలమున నాత్మరక్షణముగా నున్న దానిని బుద్ధిపూర్వకమైన ప్రతీకారముగా మార్చెను. దైవమునే కర్తగాఁ జూపఁదలఁచిన కవి యీ మార్పు చేయఁడు. నక్షత్రములను మాటలలోఁ జేర్చి, చేఁతలలో మానవేచ్ఛను బెంచినవాఁడు షేక్స్పియరు.

బ్రూకు తన పీఠికలోఁ బ్రణయులనే నిందించెను. తల్లిదండ్రుల యాజ్ఞను, హితుల సలహాను ద్రోసివేసి దుష్కామమునకు లోనైరని యతని తీర్పు. కావ్యములోనికిఁ బోయినపిదప నాతఁడే వారియెడ జాలిపడును. పీఠికయు గ్రంథమును బొసఁగకుండుట కేవల మాంగ్లేయుల కబ్బిన గుణము గాదు. మనవారి పీఠికలయందును దీనికి లక్ష్యములు గలవు.

ఇఁక దైవవాదులకు నిజముగా బలమైన స్థానము లేఖాఘట్టము. లారెన్సు జూలియటు నిద్రావృత్తాంతమును వ్రాసి జాను అను మఱియొక సన్న్యాసిచేత రోమియో కంపెను. జాను తనకుఁ దోడుగాఁ దన మఠమువాని నొకని వెదకుచు నొక యింటికిఁ బోయెను. ఆ యింట మహామారి సోఁకినదను శంకతో నగరాధికారులు తలుపులు మూసి ముద్రవేసిరి. లేఖ వెరోనా దాఁటలేదు. దీనిని మానవేచ్ఛయని సమర్థింపఁబూనుట మొండితనము. అట్లే చదువురాని సేవకుఁడు విందుపిలుపుల పట్టికను వీధిలో రోమియోకే చూపి చదివించుకొనుటయు నెవరును గోరి చేసినది గాదు. కాని శ్వేతాశ్వతరోపనిషత్తునందు జగత్కారణవిచారము చేయుచు నియతిని, యదృచ్ఛను వేఱువేఱుగా నెన్నియున్నారు. నక్షత్రములు నియతి. మూఁతపడిన తలుపు యదృచ్ఛ. ఈ రెంటిని నొకటిగాఁ గలిపి దైవమను పేరు పెట్టుటచేతనే దైవవాదుల వాదము బలిష్ఠముగాఁ గనఁబడుచున్నది.

యదృచ్ఛకైనను జొరఁబడుటకుఁ జోటు కావలెను. ఆ చోటు నెవ రిచ్చిరో చూడవలెను. రోమియో వెరోనాను విడుచుటకుమున్ను లారెన్సు, అతని సేవకుని ద్వారమునఁ గుశలవార్త లంపుచుందునని మాట యిచ్చియుండెను. ఆ సేవకుఁడు బాల్తజారు. తీరఁ బనిపడినపుడు లారెన్సు జానును బంపెనే కాని బాల్తజారునకుఁ గబు రంపలేదు. వాఁడు వెరోనాలోనే యుండి, జూలియటును సమాధిలో నుంచుటను గన్నులారఁ జూచి, నిజమే యనుకొని యజమానుని యొద్దకుఁ బరువెత్తెను. రోమియో వానిని సన్న్యాసియొద్దనుండి లేఖ తెచ్చితివా యని యొకసారి కాదు, రెండుసారు లడిగెను. లేదని వాఁడు చెప్పఁగా, పోనిమ్మనెను. అతని కనుమానము పుట్టినది. దానిని దానే త్రోసివేసెను. గుఱ్ఱమునకు మేఁత పెట్టించి నేరుగా సన్న్యాసి యొద్దకుఁ బోయినను జాలియుండెడిది. అతఁడు మందులవాని యంగడికిఁ బోయెను.

మఱియొక సంగతి. జూలియటునకును బారిసు అను ప్రభువునకును బెండ్లి గురువారమునకు నిశ్చితమై యుండెను. కూఁతురు క్షమాపణము చెప్పుకొని లొంగినట్లు నటింపఁగా నుప్పొంగిన తండ్రి పెండ్లిని బుధవారమునకు ముందునకు జరిపెను. దానిచే నామె యొకరాత్రి ముందుగానే మందు త్రావవలసివచ్చెను. లేఖకుఁ గావలసిన కాలములో నొక దినము తఱిగిపోయెను. ఈ దినమును హరించినది నక్షత్రము గాదు, తండ్రి సంతోషము. ఇదే కాప్యులెట్టు కొలఁది దినములకుమున్ను పారిసుతో, నింక రెండు వేసవు లాఁగుమనియు, బిల్ల యిష్టపడినఁ గాని తన సమ్మతి సమ్మతి గాదనియు జెప్పినవాఁడు. విందులో రోమియోను గుర్తించి టిబాల్టు చెలరేఁగఁగా, నతఁడు మంచివాఁడని నగరమెల్లఁ జెప్పుకొనుచున్నదని టిబాల్టును గద్దించి యాఁపినవాఁడును నీతఁడే. ఇట్టి తండ్రికి నిజము చెప్పియున్న నేమయ్యెడిదో యెవరును బరీక్షింపలేదు. పరీక్షింపవలసినవాఁడు లారెన్సు. అతఁడు వయోవృద్ధుఁడు, ఉభయకుటుంబములకును గౌరవపాత్రుఁడు. ప్రణయులకుఁ దొందర వలదని హితవు చెప్పుచునే నాఁటి మధ్యాహ్నమే పెండ్లి చేసెను. ఏల చేసె నన, నీ వివాహముచే రెండిండ్ల పగ చల్లాఱునని యతఁడే చెప్పెను. ఉద్దేశము మంచిది. కాని పగను జల్లార్చుట కా పిల్లల నతఁడు కరణముగా వాడుకొనెను. వ్యాకరణపరిభాషలో నతఁడు హేతువు, ప్రయోజకకర్త. అట్టి వివాహము రహస్యముగా నున్నంతకాలము పగను జల్లార్పఁజాలదను చిన్న విషయ మంత చదువు చదివినవానికిఁ దోఁపకపోవుట యాశ్చర్యము.

జూలియటు విషయ మింకను దారుణము. బ్రూకు కావ్యమున నామెకుఁ బదునాఱేండ్లు నిండలేదు. షేక్స్పియరు రెండేండ్లు తగ్గించి, పదునాలుగు నిండుటకుఁ బక్షము పైచిలుకు దినములు తక్కువయని చెప్పించెను. ఈ తగ్గించుట వట్టి యలంకారము గాదు. తొందరపాటును మొదట గుర్తించినది యీ పిల్లయే. మేడపై మాటాడునపుడే యీ బాస మితిమీఱిన వేగముగా నున్నదని యామె భయపడెను. అటుపిమ్మట నామె తట్టిన తలుపు లెన్నియో, మూసినవా రెవ్వరో లెక్కింపుఁడు. పారిసును వరింపనన్నందుకుఁ దండ్రి యింటినుండి వెడలఁగొట్టుదు నని బెదరించెను. కనీస మొక నెల, ఒక వారము వాయిదా వేయుమని తల్లి నడిగెను. తల్లి నాతో మాటాడవలదని వెడలిపోయెను. పాలిచ్చి పెంచిన దాది, రోమియో రాయబారము నడపిన యా దాదియే, రోమియో పోయినట్లే కదా, పారిసును జేసికొమ్మనెను. నలుగురిలో మిగిలినవాఁడు లారెన్సు. అతఁ డిచ్చినది మందుసీసా. ఈ ముగ్గురును మొగము త్రిప్పుకొనుట యొక్కరాత్రికిఁ బిదప నొక్క ప్రభాతమున జరిగినది. ఇందు గ్రహచార మెక్కడ నున్నది?

కడపటి తలుపు సమాధిగృహమునది. లారెన్సు వచ్చునప్పటికి రోమియోయుఁ బారిసును మృతులై పడియుండిరి. జూలియటు కన్ను విచ్చుచుండెను. వెలుపలఁ గావలివాండ్ర యలికిడి వినఁబడఁగానే లారెన్సు, నిన్ను సన్న్యాసినులమఠమునఁ జేర్చెదను రమ్మని రెండు మాటలు పలికి, యామె రానన్నంతనే యొంటిగా విడిచి పాఱిపోయెను. బాకు ప్రక్కనే యున్నది. తాను భయపడి పాఱిపోయితి నని తరువాత నతఁడే యొప్పుకొన్నాఁడు. ఒక్క నిమేష మామె చేయి పట్టుకొని నిలిచియున్న నా మరణ మప్పుడు జరుగదు. రోమియో మరణించునప్పటికి జూలియటు మేల్కొనకపోవుటనుగూడ దైవయోగముగాఁ జెప్పువారు గలరు. కాని లూయీజీ డా పోర్టోయు, నాతని వెనుక 1554లో బండెల్లోయు వ్రాసిన కథలలో నామె రోమియో ప్రాణము పోకమున్నే మేల్కొని యతనితో మాటాడును. 1559లో బ్వాయిస్ట్యూ అను ఫ్రెంచికథకుఁడు దానిని మార్చెను. బ్రూకును షేక్స్పియరును నా మార్పునే గైకొనిరి. 1748లో గారికు అను నటుఁడు రంగమున మరల వారిచే మాటాడించెను. ఈ కొన్ని క్షణముల నటు నిటు జరిపినది కథకులే కాని గ్రహములు గావు.

ప్రణయులకు దోషమే లేదని యింతమాత్రముచేఁ దేలదు. టిబాల్టును జంపినవాఁడును, లేఖ లేదనఁగాఁ బోనిమ్మన్నవాఁడును రోమియోయే. ఐన నా దోషములకు స్వాతంత్ర్య మెంత యనునదే విచార్యము. దైవపురుషకారములలో నేది గొప్పదని యుధిష్ఠిరుఁ డడుగఁగా నానుశాసనికపర్వమున భీష్ముఁడు, బ్రహ్మ వసిష్ఠునకుఁ జెప్పిన మాటను జెప్పును. పురుషకారము పొలము, దైవము విత్తు. మఱి యా విత్తెక్కడిది? పూర్వదేహమునఁ జేసిన కర్మమే దైవమని యాజ్ఞవల్క్యస్మృతి నిర్ణయము. ఈ దృష్టిలో దైవమును గర్మమును విరుద్ధములు గావు. మునుపు చేసిన చేఁత యిప్పుడు దైవమై నిలుచును. ఈ నిర్ణయమును వెరోనాకుఁ దీసికొనిపోవునపు డొక చిక్కు గలదు. అచ్చటివారికిఁ బూర్వజన్మము లేదు. వారికిఁ బూర్వజన్మస్థానమున నున్నది పూర్వతరము. రోమియో జూలియటులు పుట్టకమున్నే విత్తఁబడిన విత్తు తండ్రుల వైరము. పుట్టినపిల్లల కది యాకాశమునుండి పడినదానివలెనే కనఁబడును; దానిని వారు నక్షత్రమందురు. చేసినవారికి మాత్ర మది వట్టి చేఁతయే. ప్రస్తావనను మరలఁ జదివినచో నందును నీ యర్థమే కలదు. ప్రతికూలనక్షత్రజాతులని చెప్పుటకుముందే కవి రెండిండ్ల ప్రాఁతపగను జెప్పి, యా శత్రువుల గర్భములనుండియే వీరు పుట్టిరని చెప్పెను. నక్షత్రపదము దైవవాదుల కంటఁ బడినంత త్వరగా గర్భపదము పడలేదు.

శాకుంతలమును దీనితోఁ బోల్చువారు దుర్వాసశ్శాపమును వెరోనా నక్షత్రములకు సాటిగాఁ జెప్పుదురు. వ్యాసభారతమున శాపము లేదు. నన్నయ యాదిపర్వమునను లేదు. అందు దుష్యంతుఁ డెఱిఁగియే కాదనెను, లోకము శంకించునను భయముచేఁ గాదనెను. కాళిదాసు రాజును దోషమునుండి తప్పించుటకై శాపమును గల్పించెను. కాన మన కవి పురుషదోషమును దైవముపై వేసెను, ఆంగ్లకవి యదృష్టదేవత చేఁతను బురుషునిపై వేసెను, మార్గములు విపరీతములు. ఐనను శాకుంతలమునఁ గూడ నొకటి మఱువరాదు. శాపము విన్నవా రనసూయాప్రియంవదలు. శకుంతల సుకుమారచిత్త యని యామెకుఁ జెప్పక దాఁచిరి. ప్రయాణసమయమున నుంగరము మాట చెప్పినను, దాని యావశ్యకమును విప్పి చెప్పలేదు. ఆమె యెఱిఁగియున్న శచీతీర్థమున నుంగరమును జాఱనిచ్చియుండునా? శాపము ఋషిది, మౌనము హితైషులది. లారెన్సు మౌనమును నిట్టిదే. కాళిదాసునకు మాత్రము మారీచాశ్రమ మున్నది, మరల కలయిక యున్నది. వెరోనాలో నున్నది కాప్యులెట్టుల సమాధి.

అంకాంతమున నగరాధిపతి వచ్చి తండ్రు లిరువురను బిలిచి వారి ద్వేషఫలమును జూపును. తానును వారి కలహమును జూచియుఁ జూడనట్లున్నందుకు బంధువుల నిరువురను గోల్పోయితినని చెప్పుకొనును. దైవమును నిందింపక తన యుపేక్షను దాను పేర్కొన్నవాఁడు నాటకమంతట నీతఁ డొక్కఁడని చెప్పవచ్చును. తండ్రులు చేతులు కలుపుకొందురు. మాంటేగు జూలియటునకు మేలిమి బంగారుప్రతిమ నెత్తింతుననును. కాప్యులెట్టు రోమియోకు నంత ఘనమైనదానినే యెత్తింతుననును. ఇన్నినాళ్లు కత్తులతో సాగిన పోటీ యిప్పుడు బంగారముతో సాగుచున్నట్లున్నది. పిదప నధిపతి కొందఱు క్షమింపఁబడుదురు, కొందఱు దండింపఁబడుదురని చెప్పి కదలును. ఆ కొంద ఱెవరో బ్రూకు స్పష్టముగాఁ జెప్పెను. దాదిని దేశమునుండి వెడలఁగొట్టిరి, విషమమ్మిన మందులవాని నురిదీసిరి, లారెన్సును విడిచిపెట్టఁగా నతఁ డాశ్రమవాసమునకుఁ బోయెను. తండ్రులకు శిక్ష యేదియు లేదు. షేక్స్పియరు పేళ్ల నొక్కటియుఁ జెప్పక నాటకమును ముగించెను.